తోడికోడళ్ళ పంపకం

ఆత్రేయపురం చుట్టుపక్కల ఊళ్ళలో పూతరేకు ఆడవాళ్ళ పని. బియ్యం నానబెట్టి పల్చగా రుబ్బుకుంటారు. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకుల మంట పెడతారు. పిండినీళ్ళలో ముంచిన పల్చటి గుడ్డని ఆ కుండ మీద ఒక్కసారి పరిచి లాగుతారు. క్షణంలో రేకు తేలుతుంది. ఆలస్యం చేస్తే మాడుతుంది, తొందరపడితే చిరుగుతుంది. ఆ ఊళ్ళలో ఒకదానిలో ఒక అత్తగారు, ఇద్దరు కోడళ్ళు ఈ పని చేసుకుంటూ ఒకే ఇంట్లో ఉండేవారు.

అత్తగారి చేతి రేకుకి పేరుంది. రావులపాలెంలో బస్సు దిగి, ఆవిడ ఇల్లు వెతుక్కుంటూ వచ్చేవారు. ఆవిడకి చదువు తక్కువే గాని ఒక అలవాటు ఉండేది. కొన్నవాళ్ళ పేరు, ఊరు, ఫోను నంబరు, వాళ్ళ రుచి ఎదురింటి పిల్లల చేత ఒక నోటుపుస్తకంలో రాయించేది. "కాకినాడ మాస్టారు గారు, బెల్లం, నెయ్యి ఎక్కువ, సంక్రాంతికి పదిరోజుల ముందే పంపాలి." "కూకట్‌పల్లి అమ్మాయి, అమెరికాలో అక్కకి పంపుతుంది, జీడిపప్పు వద్దు, పిల్లాడికి పడదు." ఇలా పుస్తకం నిండా ఉండేవి.

మావగారు పోయాక అన్నదమ్ములు వేరుపడ్డారు. పెద్దమనుషులు కూర్చున్నారు. కుండలు నాలుగు, చెరి రెండు. మిగిలినవి రోడ్డు మీది కొట్టు, సందులోని వెనకవాటా, ఆ నోటుపుస్తకం. పెద్దకోడలిని ముందు కోరుకోమన్నారు. ఆవిడ కొట్టు కోరుకుంది. "పుస్తకం కూడా తీసుకుంటావా అమ్మాయ్, నకలు రాయిస్తాను" అని అత్తగారు అడిగితే, "పాత కాగితాలు నాకెందుకు అత్తయ్యా, కొట్టుంటే జనం వాళ్ళే వస్తారు" అంది. చిన్నకోడలికి వెనకవాటా, పుస్తకం మిగిలాయి. పెద్దమనుషులు బయటికొచ్చి, చిన్నదానికి అన్యాయం జరిగిందని జాలిపడ్డారు.

పెద్దకోడలు సోమరి కాదు, ఆశపోతూ కాదు. తెల్లారగట్ల లేచి పొయ్యి ముట్టించే మనిషి. ఆవిడ దగ్గరికి ఒకరోజు పట్నం నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. "అక్కా, మీ కొట్టుకి రోజుకి ఎంతమంది వస్తారు? ఫోనులో లక్షలమంది ఉన్నారు. నేను పేజీ పెడతాను, వీడియోలు చేస్తాను, యాడ్‌లు నడుపుతాను. నెలకింత ఇవ్వండి. మీరు ఫోను ముట్టుకోనక్కర్లేదు" అన్నాడు.

ముట్టుకోనక్కర్లేదన్న మాటే ఆవిడకి నచ్చింది. పొయ్యి దగ్గర కూర్చున్న మనిషికి ఫోనులో వేలు పెట్టే తీరిక ఏది? సరేనంది. కుర్రాడు తన మెయిల్ మీద పేజీ తెరిచాడు. తన నంబరు పెట్టాడు. యాడ్‌ల ఖాతా తన పేరు మీద తీశాడు. గూగుల్ మ్యాప్‌లో కొట్టు పేరు ఎక్కించి, అక్కడా తన నంబరే ఇచ్చాడు. ఆర్డర్లన్నీ తన ఫోనుకి వస్తాయి, పంపాల్సిన చిరునామాలు ఏ రోజుకారోజు చెబుతానన్నాడు.

మొదటి వారమే పేజీకి పదివేలమంది చేరారు. పెద్దకోడలు సంబరపడి వీధిలో అందరికీ చెప్పింది. ఆ పదివేలూ డబ్బిచ్చి కొన్న లెక్క. అందులో పూతరేకు తిన్నవాళ్ళు లేరు, తినబోయేవాళ్ళూ లేరు. ఈ సంగతి ఆవిడకి తెలియదు.

చిన్నకోడలి దారి వేరు. ఆవిడకీ ఫోను పెద్దగా రాదు. ఇంటర్ చదివే కూతురు పక్కన కూర్చుంది. ఇద్దరూ పేజీ జోలికి పోకుండా ముందు నోటుపుస్తకం తెరిచి, రోజుకి కొన్ని నంబర్లకి ఫోన్లు చేశారు. "అత్తయ్యగారి చిన్నకోడలినండి. వేరుపడ్డామండి, రేకు మాత్రం ఆవిడ నేర్పిందేనండి. వాట్సాప్‌లో ధరలు పంపమంటారాండి?" ఊ అన్నవాళ్ళ పేరు పక్కన టిక్కు, వద్దన్నవాళ్ళ పేరు పక్కన చుక్క. చుక్క ఉన్నవాళ్ళకి మళ్ళీ ఒక్క మెసేజీ కూడా వెళ్ళలేదు. ఆ తర్వాతే తన నంబరు మీద వాట్సాప్ బిజినెస్, తన పేరు మీద ఒక ఇన్‌స్టాగ్రామ్ ఖాతా తెరిచింది. ఫోటోలు తన పొయ్యివే, చెయ్యి తనదే. రెండు కుండల మీద ఎన్ని అవుతాయో ఆవిడకి తెలుసు కాబట్టి, "ఈ వారం నలభై పెట్టెలేనండి" అని ముందే రాసేది.

అంతమాత్రాన ఆర్డర్లు వరదలా వచ్చిపడలేదు. ఆషాఢంలో వారం పాటు ఒక్క ఫోనూ మోగలేదు. "వదిన పేజీకి వేలమందట, మన పుస్తకంలో మూడొందలమంది" అని మొగుడు నిట్టూర్చేవాడు. ఆవిడ ఏమీ అనేది కాదు. రాత్రి పడుకునే ముందు ఒక అరగంట ఫోను పట్టుకుని, వచ్చిన ప్రతి ప్రశ్నకీ తనే జవాబు చెప్పేది. టైపు చెయ్యడం రాకపోతే మాట రికార్డు చేసి పంపేది.

ఒకసారి బెంగళూరు వెళ్ళిన పెట్టె దారిలో నలిగిపోయింది. కొన్నావిడ పొడి పొడి అయిన రేకుల ఫోటో తీసి, అందరికీ కనపడేలా "డబ్బు దండగ" అని రాసింది. కూతురు కంగారుపడి, "అమ్మా, ఆ కామెంటు తీసేద్దామా?" అంది.

"ఎందుకు తీసేస్తావే? ఆవిడ డబ్బు పోయింది, నోరు కూడా మూయించాలా?" అంది తల్లి.

కామెంటు కిందనే జవాబు రాయించింది. మళ్ళీ పెట్టె పంపింది. అట్ట మందం పెంచి, పెట్టెలో ఖాళీ లేకుండా సర్దడం నేర్చుకుంది. కొత్త కట్ట ఎలా కడుతున్నదీ, పాతది ఎందుకు నలిగిందీ వీడియో తీసి పెట్టింది. ఆ బెంగళూరు ఆవిడే తర్వాత తన అపార్ట్‌మెంటులో ఆరుగురి చేత తెప్పించుకుంది.

సంక్రాంతి వచ్చింది. కుర్రాడు పేరున్న ఒక ఫుడ్ వ్లాగర్‌ని డబ్బిచ్చి తీసుకొచ్చాడు. నేతిలో మునిగిన పూతరేకు, కళ్ళు మూసుకుని ఆస్వాదించడం, "ఇలాంటిది జన్మలో తినలేదు" అనడం. డబ్బు తీసుకున్నట్టు ఎక్కడా చెప్పలేదు. వీడియో ఊరూరా తిరిగింది. మూడు రోజుల్లో వందల ఆర్డర్లు పడ్డాయి. పెద్దకోడలికి ఉన్నవి రెండే కుండలు. "ఇక చాలని చెప్పు బాబూ" అంటే, "ఇప్పుడు వద్దంటే మళ్ళీ రారక్కా" అన్నాడు కుర్రాడు. బయట దొరికిన రేకులు కొన్నారు. రేకు ఎవరు తీశారో, ఎప్పుడు తీశారో తెలియదు. నెయ్యి చాలక వనస్పతి కలిపారు. రాత్రికి రాత్రి చుట్టి, కట్టి, కొరియర్‌లో వేశారు.

తిట్లు మొదలయ్యాయి. అవి పెద్దకోడలికి చేరలేదు, కుర్రాడి ఫోనుకి చేరాయి. అతను చెడ్డ కామెంట్లు తుడిచేశాడు, అడిగినవాళ్ళని బ్లాక్ చేశాడు, తనే పదిపేర్లతో "సూపర్" అని రాశాడు. పెద్దకోడలు మాత్రం పండగ బాగా జరిగిందనుకుంది.

పండగ వెళ్ళాక కుర్రాడు నెల జీతం రెట్టింపు చేయమన్నాడు. ఆవిడ కుదరదంది. మర్నాడు పొద్దున్నకి పేజీ మీద వేరే ఊరి మిఠాయికొట్టు పేరుంది. మ్యాప్‌లోని నంబరుకి చేస్తే ఎవరో ఎత్తుతున్నారు. ఆవిడ బస్సెక్కి పట్నం వెళ్ళింది. "పేజీ నా మెయిల్ మీద ఉందక్కా, యాడ్‌లకి నా కార్డు మీద కట్టాను" అన్నాడు. "పోనీ, కొన్నవాళ్ళ నంబర్లయినా ఇవ్వు నాయనా" అంది. "అవి నా ఫోనుకి వచ్చిన నంబర్లు కదక్కా" అన్నాడు.

తిరిగొచ్చేసరికి కొట్టు ముందు ఒకాయన నిలబడి ఉన్నాడు. "పండక్కి వనస్పతి రేకులు పంపింది మీరేనా? ఎన్ని మెసేజీలు పెట్టాం, చివరికి బ్లాక్ చేశారు" అన్నాడు. ఆ మాట ఆవిడ వినడం అదే మొదలు.

సాయంత్రం అత్తగారి దగ్గరికి వెళ్ళి కూర్చుంది. "పంపకంలో నాకే ఎక్కువ వచ్చిందనుకున్నాను అత్తయ్యా" అంది.

"నీకొచ్చింది తక్కువేం కాదు అమ్మాయ్. నువ్వు రోడ్డు మీది కొట్టులో కూర్చున్నావు, ఫోనులోది వాడికి వదిలేశావు. అక్కడికొచ్చినవాళ్ళూ మన గుమ్మం ఎక్కినవాళ్ళేగా. వాళ్ళ మొహం ఒక్కసారైనా చూశావా?" అంది అత్తగారు.

పెద్దకోడలు ఇంటికొచ్చి, కొరియర్ రసీదుల కట్ట విప్పింది. వాటి మీద పేర్లున్నాయి, ఊళ్ళున్నాయి, చాలావాటి మీద నంబర్లూ ఉన్నాయి. ఒక్కొక్కరికీ ఫోను చేసి, తప్పు తనదేనని ఒప్పుకుని, వీలైనంతమందికి తన చేత్తో చేసిన పెట్టె మళ్ళీ పంపింది. కొందరు తిట్టారు, కొందరు ఫోను పెట్టేశారు. దానికి బంగారు గాజు ఒకటి తాకట్టు పెట్టాల్సి వచ్చింది. దసరాకి చిన్నకోడలికి పొయ్యిలకి మించి ఆర్డర్లు వచ్చినప్పుడు, "అక్కా, సగం నువ్వు చెయ్యి. పెట్టె మీద నీ పేరే, నీ నంబరే వెయ్యి. నీ చేతివని ముందే చెప్పి, సరేనన్నవాళ్ళకే పంపుదాం" అంది. పెద్దకోడలు ఒక కొత్త నోటుపుస్తకం కొని, ఆ పేర్లు తన చేత్తో రాసుకుంది.

నీతి: గల్లాపెట్టె దగ్గర యజమాని కూర్చోవాలి. ఆ గల్లాపెట్టె ఫోనులో ఉన్నా సరే.

ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. మన చిన్న వ్యాపారులు కొట్టు తాళంచెవి సొంత బావమరిదికి ఇవ్వడానికి కూడా ఆలోచిస్తారు. అదే మనుషులు, తమ పేరుతో నడిచే పేజీ ఎవరి మెయిల్ మీద ఉందో అడగరు. బోర్డు రాసినవాడు బోర్డు పట్టుకుపోడు. పేజీ తెరిచినవాడు మాత్రం పేజీతోపాటు కొనుగోలుదారులనీ పట్టుకుపోగలడు. అందులో దొంగతనం చేసినట్టు కూడా కనపడదు, ఎందుకంటే మొదటినుంచీ అన్నీ అతని పేరు మీదే ఉన్నాయి.

పనివాణ్ణి పెట్టుకోవద్దని నేననడం లేదు. వీడియో తీయడం, యాడ్ నడపడం నేర్పు కావాల్సిన పనులు, వాటికి కూలి ఇవ్వడం న్యాయం. కాని ఫేస్‌బుక్ పేజీలోనూ గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌లోనూ యజమాని వేరు, పని చూసే మనిషి వేరు. ఆ ఏర్పాటు ఆ కంపెనీలే పెట్టాయి. ఖాతా మీ నంబరు మీద మీరు తెరిచి, పనివాడికి పని చూసుకునే హక్కు మాత్రం ఇస్తే చాలు. అతను మానేసిన రోజున ఆ హక్కు తీసేయవచ్చు. పాస్‌వర్డ్ చెప్పాల్సిన పనే లేదు. టూ-స్టెప్ వెరిఫికేషన్ పెట్టుకుంటే, అది "మీ పేజీ మూసేస్తున్నాం, ఈ లింకు నొక్కండి" అని భయపెట్టే దొంగ మెసేజీల నుంచీ చాలావరకు కాపాడుతుంది. అలాంటి మెసేజీ వస్తే లింకు నొక్కకండి, ఓటీపీ ఎవరికీ చెప్పకండి.

అంతా మీ పేరు మీదే ఉన్నా, పేజీ ఒక్కటే ఆస్తి అనుకుంటే అదీ ప్రమాదమే. 2020 జూన్ 29న కేంద్ర ప్రభుత్వం టిక్‌టాక్‌తో కలిపి 59 యాప్‌లని నిషేధించింది. లక్షల అనుచరులని కూడబెట్టుకున్నవాళ్ళకి మర్నాటికి అక్కడ ఏమీ మిగల్లేదు. 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మూడూ ఒకేసారి సుమారు ఆరు గంటలు ఆగిపోయాయి. ఆ రాత్రి నోటుపుస్తకం ఉన్నవాడు మామూలు ఫోను చేసి ఆర్డరు అడగగలిగాడు. లేనివాడు ఎదురుచూడటం తప్ప చేయగలిగింది లేదు. అత్తగారి పుస్తకం పాతకాలపు అలవాటు కాదు, ఏ కంపెనీ దయమీదా ఆధారపడని ఆస్తి. కాగితం మీద రాసుకున్నా, ఫోనులో దాచుకున్నా, ఒక నకలు వేరే చోట ఉంచండి.

ఆ పుస్తకాన్ని వాడే పద్ధతిలోనూ చిన్నకోడలి దగ్గర నేర్చుకోవాల్సింది ఉంది. ఆవిడ అడిగి పంపింది, వద్దన్నవాళ్ళని వదిలేసింది. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ లిస్టులో మీరు పంపే మాట, మీ నంబరుని తమ ఫోనులో సేవ్ చేసుకున్నవాళ్ళకే చేరుతుంది. అంటే కొన్నవాడు మిమ్మల్ని గుర్తుంచుకోదలిస్తేనే మీ మాట వింటాడు. అడక్కుండా గ్రూపుల్లో పడేసి, పొద్దున్నే గుడ్ మార్నింగ్ బొమ్మలు పంపేవాళ్ళని జనం బ్లాక్ చేస్తారు, రిపోర్టు కొడతారు. రిపోర్టులు పెరిగితే నంబరునే వాట్సాప్ ఆపేస్తుంది. కొన్నవాడు వ్యాపారానికి ఇచ్చిన నంబరు మనల్ని నమ్మి ఇచ్చిందని గుర్తుండాలి.

కొన్న అనుచరులు, రాయించుకున్న పొగడ్తలు, తుడిచేసిన తిట్లు: ఇలాంటి మాయల గురించి చట్టం ఏమంటుందో మన వ్యాపారులకి చాలామందికి తెలియదు. వినియోగదారుల రక్షణ చట్టం కింద 2020లో వచ్చిన ఈ-కామర్స్ నియమాల ప్రకారం, ఆన్‌లైన్ బజార్లలో అమ్మేవాడు కొన్నవాడిలా నటించి సమీక్షలు రాయకూడదు. 2022 జూన్‌లో తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద మార్గదర్శకాలు వచ్చాయి. డబ్బు తీసుకుని పొగిడే మనిషి ఆ సంగతి చూసేవాళ్ళకి స్పష్టంగా చెప్పాలని 2023 జనవరిలో ప్రభుత్వం మరోసారి వివరంగా చెప్పింది. తప్పుదోవ పట్టించే ప్రకటనకి మొదటిసారి 10 లక్షల రూపాయల దాకా, మళ్ళీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేసే అధికారం కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకి ఉంది. జరిమానా భయం అటుంచండి. తుడిచేసిన ప్రతి తిట్టులోనూ వ్యాపారికి పనికొచ్చే వార్త ఒకటి ఉంటుంది. అట్ట పల్చగా ఉందని చిన్నకోడలికి చెప్పింది ఆ బెంగళూరు ఆవిడే. పెద్దకోడలికి వనస్పతి సంగతి పండగలోనే చెప్పగలిగినవాళ్ళు వందమంది ఉన్నారు, వాళ్ళ నోళ్ళు ఆవిడకి తెలియకుండానే మూసేశారు.

అందరూ కోరుకునే వైరల్ వీడియో గురించి ఒక మాట చెప్పి తీరాలి. రెండు కుండలున్న ఇంటికి మూడు రోజుల్లో వందల ఆర్డర్లు రావడం అదృష్టం కాదు. రేకు ఒక్కొక్కటీ చేత్తోనే తీయాలి, దాన్ని తొందరపెట్టే మార్గం లేదు. అలాంటి పనుల్లో ప్రచారం పొయ్యి వేగాన్ని మించకూడదు. "ఈ వారం నలభై పెట్టెలే" అని రాయడానికి సిగ్గుపడనక్కర్లేదు. అది నిజమైతే అంతకన్నా మంచి ప్రకటన లేదు. కాని సరుకు గుట్టలుగా పెట్టుకుని, కొనేవాణ్ణి తొందరపెట్టడానికి "రెండే మిగిలాయి" అని రాయడం మోసం. అలాంటి తప్పుడు తొందరని కేంద్రం 2023 నవంబర్ మార్గదర్శకాల్లో నిషేధించిన పద్ధతుల జాబితాలో చేర్చింది.

2023లో ఆత్రేయపురం పూతరేకుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఊరి పేరుకి అది రక్షణ. ఒక్కొక్క చేతి పేరుకి మాత్రం ఎవరికివారే కాపలా. ఉప్పాడలో చీర నేసేవారికీ, కొండపల్లిలో బొమ్మ చెక్కేవారికీ, ఇంట్లో ఆవకాయ కలిపి అమ్మే ప్రతి ఇల్లాలికీ ఇదే వర్తిస్తుంది. "మాకు తీరిక లేదు" అంటారు. చిన్నకోడలు వెచ్చించింది రాత్రి అరగంట. రోజంతా చెమటోడ్చి సంపాదించుకున్న పేరుకి అరగంట కాపలా ఎక్కువేమీ కాదు.

కాబట్టి, చిన్న వ్యాపారం చేసుకుంటున్న ప్రతి అక్కనీ, ప్రతి అన్ననీ ఒకటి అడుగుతున్నాను. ఈ రాత్రి కొట్టు కట్టేశాక మీ ఫోను తీసి, మీ పేజీ ఎవరి మెయిల్ మీద ఉందో, మ్యాప్‌లో మీ కొట్టు పేరు కింద ఎవరి నంబరు ఉందో చూసుకోండి. అవి మీవి కాకపోతే, మీ పనివాడితో మాటా మంచీ బాగున్న ఈ రోజుల్లోనే వాటిని మీ పేరు మీదికి మార్పించుకోండి.